ఆషాఢపు కాపురం

మా దిక్కు ఆషాఢం వస్తే కొత్త ఆలుమగలను విడదీస్తారు. పిల్లను తల్లిగారింటికి తోలి, పిలగాణ్ని అత్తగారి గడప తొక్కొద్దంటారు. మాది ఉల్టా. పదకొండు నెలలు విడిగా ఉండి, ఆషాఢం వచ్చినాకనే మేము ఆలుమగలం అయ్యేది. పంచాంగం రాసే అయ్యగారు మా ముచ్చట వింటే పంచాంగం చింపుకుంటాడు.

రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో నేను డ్రైవర్‌ని. నా పేరు ముత్తన్న. నా భార్య భాగ్యలత అదే ఇంట్లో పనిమనిషి. నా గది గేటు పక్కన. ఆమె గది మూడో అంతస్తులో, బట్టలుతికే మిషన్ పక్కన. నడుమ ముప్పై ఎనిమిది మెట్లు. తొమ్మిదేండ్లలో ఆ మెట్లు నేను ఎక్కింది లేదు, ఇంట్లో మనుషులుండగా ఆమె నా గది లోపలికి వచ్చింది లేదు. ఇంటి యజమానురాలు, మేం 'మామా' అంటాం, మొదటి రోజే చెప్పింది, 'ఐబ్' అని. అంటే సిగ్గుమాలిన పని. పెండ్లయినవాళ్ళు ఒక గదిలో ఉంటే సిగ్గుమాలిన పని, విడగొట్టి పెడితే మర్యాద. నేను ఐదో తరగతిలో బడి మానేసినవాణ్ని, అంత పెద్ద ధర్మం నాకెట్ల అర్థమైతది?

ఏటా ఎండాకాలం వాళ్ళు దేశాలు తిరగడానికి పోతారు. నలభై రోజులు. తలుపులు ఎండకు పగలకుండా ఏసీలు నడపాలె, చెట్లకు నీళ్ళు పెట్టాలె, చిలుకకు గింజలు వెయ్యాలె. దానికి మమ్మల్ని వదిలిపోతారు. ఆ నలభై రోజులే మా కాపురం. విమానాశ్రయంలో వాళ్ళను దించి వచ్చేసరికి భాగ్య నా గది కడిగి, ముగ్గు వేసి, ఒక్క గిన్నెలో పచ్చిపులుసు చేసి కూర్చుండేది. ఒక్క పళ్ళెంలో తినేవాళ్ళం. ఇంత చిన్న సంగతి కోసం ఏడాది పొడుగునా వేళ్ళు మడుచుకుంటూ ఉంటానని ఎవరికైనా చెప్తే నవ్వుతారు. అందుకే చెప్పలేదు. ఆమెకు కూడా చెప్పలేదు. అదే నా తప్పు కావచ్చు.

నిరుడు జూన్ నెలలో, బజారు నుంచి వస్తుంటే, కారులో వెనక సీటు నుంచి మామా అన్నది: "ముత్తన్నా, ఈ సారి వియన్నా. భాగ్యా కూడా మాతో వస్తది."

మామా తల్లి, ముసలామె, అంతకు నెల ముందు స్నానాల గదిలో జారి పడ్డది. అప్పటి నుంచి భాగ్య తప్ప ఇంకొకరు ముడితే కేకలు పెడుతుంది. ఆమె లేకుండా వియన్నా పోనంటుంది.

నేను అద్దంలో చూశాను. మామా పక్కన కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకొని భాగ్య కూర్చుంది. నవ్వుతుంది. ఆపుకుందామనుకున్నా ఆగని నవ్వు. నా వైపు చూడలేదు.

అప్పటి నుంచి ఇంట్లో ఒకటే ముచ్చట. మామా పిల్లలు ఆమెకు ఫోన్‌లో రాజుల కోటలు, గుర్రపు బండ్లు చూపించారు. అక్కడ కార్లు పక్కకు పెట్టి అందరూ నడుస్తారట. వెయ్యేండ్ల ఊరట. షోకు చెయ్యాలంటే ఆ ఊరేనట. ఈమె పొద్దున్నే మిద్దె మీద నడవడం మొదలుపెట్టింది. శుక్రవారం మిర్కాబ్ బజారుకు పోయి తెల్లటి బూట్లు కొనుక్కొచ్చింది. పుట్టిన నాటి నుంచి చెప్పులు తప్ప ఎరగని కాళ్ళు.

వంటింటి వెనక తలుపు దగ్గర ఆ బూట్లు వేసుకొని చూపించింది.

"ఎట్లున్నయ్?"

"దొరసాని లెక్కున్నవ్," అన్నాను. "గుర్రబ్బండెక్కుతవా, గుర్రానికి గడ్డేస్తవా?"

"రెండూ జేస్త. నీకెందుకు కడుపుమంట?"

"నాకెందుకు మంట? పో. ముసలిదాని బట్టలు వియన్నాల ఉత్కితే ఎక్వ తెల్లగైతయేమో!"

ఆమె మొహం చిన్నబోయింది. కానీ తట్టుకుంది. "తొమ్మిదేండ్లాయె. ఈ దేశంల సముద్రం ఉన్నదంట, కారు అద్దంల నుంచే జూసిన. ఒక్కపారి, నా కాళ్ళమీద నడ్సి ఒక ఊరు జూస్త. పిల్ల గూడ ఎదురుజూస్తున్నది. దోస్తులందరికి జెప్పుకున్నదట."

పిల్ల అంటే మా బిడ్డ ఉమారాణి. జగిత్యాలలో ఇంటర్ చదువుతుంది. ఆ సాయంత్రం నాకు కూడా ఫోన్ చేసింది. "నాయినా, అమ్మ ఫోటోలు దిగుతదో లేదో, నువ్వన్న నేర్పియ్యి జర." నేర్పిస్తానన్నాను.

"పోకే" అనే మాట నా నోట్లోనే తిరిగింది. మొగోడు పెండ్లాన్ని అట్ల అడుక్కుంటాడా? పదకొండు నెలలు ఒక్కణ్నే ఉన్నాను, నలభై రోజులు నాతో ఉండు అని? నా నోరు వెక్కిరించడానికి తెరుచుకున్నంత సులువుగా అడగడానికి తెరుచుకోదు. మా నాయినది కూడా ఇదే నోరు.

వారం తర్వాత మామాను వీసా ఆఫీసుకు తీసుకపోయాను, ఇంటిల్లిపాది పాస్‌పోర్టులు ఇయ్యడానికి. ఆమె లోపల, నేను బయట వరసగా వేసిన కుర్చీల్లో ఒకదాని మీద. అక్కడి సెక్యూరిటీ పిలగాడు శ్రీపతిది మా పక్క మండలమే. నన్ను చూస్తే ఉత్సాహం వాడికి, మన మాట మాట్లాడే మనిషి దొరికిండని.

మేం మాట్లాడుతుంటే ఒక కొత్త పెండ్లికూతురు, సూడాన్ పిల్ల, ఏడ్చుకుంటూ బయటికి వచ్చింది. మోచేతుల దాకా ఎర్రగా పండిన మైదాకు. మొగుడు వెనక వెనక సముదాయిస్తూ వస్తున్నాడు.

"ఏమాయెరా?" అనడిగాను.

"మైదాకే అన్నా. ఏళ్ళ కొసలకు మైదాకుంటే మిషన్ ముద్ర వట్టదు. ఎర్రగ ఎంత పండితె అంత కష్టం. పోయినంక రమ్మంటరు. మళ్ళ తారీకులేడ దొర్కుతయ్ ఈ సీజన్ల?" అని నా తల పైకి వేలు చూపించాడు. "బొమ్మ గూడ వెట్టిన్రు. ఎవ్వలు జూడరు."

వెనక్కి తిరిగి చూశాను. నా కుర్చీ పైన గోడకు ఒక పటం. మైదాకు పెట్టిన చెయ్యి, దాని మీద ఎర్ర అడ్డగీత.

ఇంటికి వచ్చి కారు పెట్టాను. నా గది పక్కన, ఏసీ నీళ్ళ పైపు కింద, మైదాకు చెట్టు ఉంది. నాలుగేండ్ల కింద నేను పెట్టిందే. చుట్టూ అంతా మలమలమాడిపోతుంటే ఏసీ నీళ్ళకు అది ఒక్కటి పచ్చగా ఉంటుంది. దాని ముందు కొంచెం సేపు నిలబడ్డాను. అంతే. అప్పుడేం అనుకోలేదు. అనుకోలేదని ఎంతమందికి చెప్పినా నమ్మరు కానీ, అనుకోలేదు.

భాగ్యను వీసా వేలిముద్రలకు మంగళవారం పొద్దున రమ్మన్నారు. సోమవారం ఆషాఢం ఐదో రోజు.

ఆ పూట భోజనాలయినాక ఇల్లంతా పడుకుంది. మూడింటి వేళ, కువైట్‌లో పిట్ట కూడా కదలని వేళ. నేను ఆకు దూసి, చాయ డికాషన్ పోసి, ఇంత చింతపండు వేసి మిక్సీలో మెత్తగా రుబ్బాను. భాగ్యకు ఫోన్ చేశాను, ఒక్కసారి కిందికి రమ్మని.

గిన్నె చూసి నిలబడిపోయింది. "నువ్వేనా రుబ్బింది?"

"ఆషాఢం గదా. ఏటా నువ్వే వెట్టుకుంటవ్. దూరదేశం పోతున్నవని..."

"నీకేమైందియ్యాల? ఎండ దెబ్బ గిట్ల తల్గిందా?"

గదిలోకి రాలేదు, ఇంట్లో మనుషులున్నారు కదా. గడప మీద కూర్చుంది. వీపుకు ఎండ సెగ, మొహానికి నా గది ఏసీ చల్లదనం. నేను లోపల నేల మీద కూర్చున్నాను. ఆమె కుడిచెయ్యి తీసుకొని మోకాలి మీద పెట్టుకున్నాను. బాత్రూములు కడిగే క్లోరాక్స్ నీళ్ళకు బరకగా అయిన చెయ్యి.

అరచేతిలో చందమామ పెట్టాను. తర్వాత వేళ్ళకు టోపీలు. మన దిక్కు అట్లనే పెడతారు కదా, గోరు నుంచి మొదటి గీత దాకా, వేలు కొస అంతా మూసేటట్టు. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. ఒక్కొక్కటి నిదానంగా.

"ఎన్నేండ్లాయె నువ్వు గిట్ల నా చెయ్యి వట్టక," అన్నది.

"నెల నెలా వట్టుకోవాల్నా?"

"ఏడాదికొక్కపారన్న." నవ్వింది. "నేను వోయొచ్చేదాంక మంచిగ తిను. నీకు అక్కడి నుంచి ఏం దేవాలె?"

"ఏమొద్దు."

"చలికోటు దెస్త."

"నలభై ఎనిమిది డిగ్రీల ఎండల చలికోటేందే!"

"ఏసీల ఏసుకో."

రెండు చేతులూ అయినాక బొటనవేళ్ళకు ఇంకొంచెం మందంగా అద్దాను. అది నాకు బాగా గుర్తుంది. చేతులు ఆరేదాకా ఆమె ఏం ముట్టుకోవద్దని చాయ నేనే తాగించాను. గ్లాసు వంచితే గొంతు కదలడం చూశాను. ఆ మూడు గంటలకు మించిన కాపురం మేం ఎన్నడూ చెయ్యలేదు. ఇది రాస్తుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలని ఉంది, కానీ నిజం నిజమే.

పొద్దున్నే కిందికి దిగి చేతులు చూపించింది. దానిమ్మ గింజల్లాగా పండింది. "అబ్బ! గింత ఎర్రగ ఎన్నడు వండలే. మొగనికి పెండ్లాం మీద పావురం ఉంటెనే వండుతదంటరు," అని తల వంచుకొని నవ్వింది. మామా కూడా మెట్ల మీద నుంచి చూసి బాగుందన్నది. చదువుకున్న మనిషి, దేశాలన్నీ తిరిగిన మనిషి, ఆమెకూ తట్టలేదు. కాయితాలు భాగ్య చేతిలో పెట్టి మమ్మల్నిద్దర్నే పంపింది.

మామా లేదు కాబట్టి భాగ్య ముందు సీటులో, నా పక్కన కూర్చుంది. దారి పొడుగునా చెయ్యి చాచి ఏసీ గాలికి పెట్టి చూసుకుంది.

లోపలికి పోయినాక పావుగంట. నేను బయట అదే కుర్చీలో. లేచి లోపలికి పోయి "ఆగు" అందామనుకున్నా ఏం చెప్పి ఆపుతాను? తలుపు తెరుచుకుంది. భాగ్య కాయితాలు ఛాతీకి అదుముకొని వచ్చింది. ఏడవడం లేదు. అర్థం కానట్టు చేతులు చూసుకుంటోంది.

"ఏళ్ళ ముద్రలు వడ్తలేవట. పదిసార్లు తుడ్సి వెట్టిన్రు. మైదాకు వోయినంక రమ్మన్నరు. తారీకు వచ్చే నెల ఇర్వై రెండట."

విమానం ఈ నెల ఇరవై.

శ్రీపతి పరుగెత్తుకొచ్చాడు. పాపం, వాడికేం తెలుసు. "వదినా, ఇదేంది! మొన్ననే జెప్తి గద అన్నకు! గీ బొమ్మ కిందనే గద కూసున్నది. అన్నా, యాది మర్సినవా?"

భాగ్య తల ఎత్తి పటం చూసింది. తర్వాత నన్ను చూసింది. ఎక్కువ సేపు కాదు.

కారు దగ్గరికి వచ్చి, ముందు తలుపు దాటి, వెనక తలుపు తెరిచి కూర్చుంది.

సగం దారిలో నేనే మొదలుపెట్టాను. "ఆడు ఏదో జెప్పిండు గని నేను సరిగ ఇనలే. నాకు సదువొస్తదా ఏమన్ననా, గోడల మీద రాసింది సదువనీకి?"

అద్దంలో ఆమె కిటికీ బయటికి చూస్తోంది.

"బొమ్మకు సదువెందుకు?" అన్నది.



మామా అరిచింది, తలకొట్టుకుంది, ముసలామె అన్నం మానేసింది. అంతా ఒక పూట. తర్వాత మామా ఫింటాస్‌లో ఉండే తన చెల్లెలికి ఫోన్ చేసింది. మూడు నిమిషాలు. పెద్దవాళ్ళ కష్టం ఎప్పుడూ మూడు నిమిషాలే. చెల్లెలి ఇంట్లో వెంకటేశ్వరి అని రాజోలు వైపు ఆమె పనిచేస్తుంది. అంతకు ముందు ఏడు వాళ్ళతో పారిస్ పోయింది, ఆ వీసా ఇంకా చెల్లుతుంది. చెల్లెలు ఈసారి ఎటూ పోవడం లేదు, కూతురు బాలింత. "నా మనిషిని నువ్వు తీసుకుపో, నీ మనిషిని నాకు పంపు" అన్నదట. ఖలాస్.

ఆమె పోకపోతే ఇక్కడ ఉంటుంది. నా లెక్క అంతవరకే. నా లెక్కలో ఫింటాస్ లేదు. ఐదో తరగతి లెక్క.

భాగ్యను ఫింటాస్‌లో దించింది నేనే. అక్కడి నుంచి వెంకటేశ్వరిని ఎక్కించుకొచ్చిందీ నేనే. గేటు దగ్గర భాగ్య తన సంచిలోంచి బూట్లు తీసి ఆమెకిచ్చింది.

"నీ కాలు నా కాలు ఒక్కతీర్గనే ఉన్నయక్కా. ఏస్కో. అక్కడ మస్తు నడవాలెనట."

"అయ్యో, కొత్తవి కదండీ! మీ కోసం కొనుక్కున్నారు, నాకెందుకమ్మా?"

"నాకిక్కడ చెప్పులు సాలు."

ఇరవయ్యో తారీకు వాళ్ళను విమానం ఎక్కించి వచ్చాను. ఏసీలు అన్నీ మోగుతున్నాయి. పద్నాలుగు గదుల ఇల్లు చల్లగా, ఖాళీగా, నా ఒక్కడి కోసం. చిలుక "యల్లా, యల్లా" అంటుంది, పద పద అని. నా గదిలో మంచం పక్కన, ఆమె కోసమని మే నెలలోనే కొన్న దిండు, కవరు కూడా తీయలేదు.

వారానికి ఫోన్‌లో వీడియో వచ్చింది. భాగ్య నుంచి. వెంకటేశ్వరి వియన్నా నుంచి ఆమెకు పంపింది, ఆమె నాకు పంపింది, ఒక్క మాట లేకుండా. పెద్ద కోట, దాని ముందు పూలచెట్లు, గుర్రపు బండి టకటకలు. చక్రాల కుర్చీలో ముసలామె మూతి ముడుచుకొని ఉంది. చివర వెంకటేశ్వరి ఫోన్ కిందికి వంచింది. నున్నటి రాళ్ళ బాట మీద తెల్లటి బూట్లు నడుస్తున్నాయి. నేను ఎన్నిసార్లు చూశానో చెప్పను.

శుక్రవారం బస్సెక్కి ఫింటాస్ పోయాను. చేపలు వేపి డబ్బాలో పెట్టుకొని. లోపలికి రానివ్వరు. భాగ్య గేటు సందులో నిలబడ్డది.

"తప్పయింది," అన్నాను. ఆ మాట అనడానికి నాకు నలభై ఏడేండ్లు పట్టింది.

ఆమె డబ్బా తీసుకోలేదు. "పోకే అని ఒక్కమాట అంటివా?"

డబ్బా ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"ఆగుదును. ఏడ్సుకుంటనన్న ఆగుదును. నువ్వు ఎక్కిరిస్తివి. ఎక్కిరిచ్చి, మళ్ళ నా చెయ్యి వట్టుకొని..." అక్కడ ఆపింది. లోపల చంటిపిల్ల ఏడుస్తుంటే పోయింది.

సెప్టెంబర్‌లో అందరూ తిరిగి వచ్చారు. ఎవరి మనిషి వాళ్ళ ఇంటికి పోవాలె కదా. భాగ్య మామా ముందు నిలబడి, బాలింతకు చెయ్యి అలవాటైంది, ఫింటాస్‌లోనే ఉంటానన్నది. ముసలామె కొంగు పట్టుకుంది. అయినా మాట మార్చుకోలేదు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ కాయితాలు మార్చుకున్నారు.

సామాను సర్దుకోవడానికి వచ్చిన రోజు గేటు దగ్గర అడిగాను. "ఫింటాస్‌ల ఏమున్నదే?"

"ఏమున్నది? గదే పని. గదే బట్టలు." సంచి భుజానికి వేసుకుంది. గోళ్ళ కొసల్లో ఎర్రటి అంచు ఇంకా కొంచెం మిగిలి ఉంది. "అక్కడ ఎవ్వలు నా చెయ్యి వట్టుకోరు."

పిల్లకు ఇద్దరం ఫోన్ చేస్తాం. పైసలు ఇద్దరం పంపుతాం. ఊళ్ళో ఎవరికీ ఏం తెలియదు. మేం విడిపోలేదు, ఎవరైనా అడిగితే అదే చెప్తాను. మిర్కాబ్‌లో ఎదురుపడితే "తిన్నవా" అంటుంది. తిన్నానంటాను.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. వెంకటేశ్వరి ఇప్పుడు మా ఇంట్లోనే. మొన్న చెట్టు దగ్గర నిలబడి అడిగింది.

"అన్నయ్యగారూ, ఈ గోరింటాకు కాస్త కోసుకోనాండీ? ఎవరూ ముట్టుకోక ఎలా గుబురుకట్టేసిందో చూడండి. మీ ఆవిడకి కూడా ఇంత రుబ్బి పట్టుకెళ్తాను, శుక్రవారం కలుస్తాం."

"నీ ఇష్టం," అన్నాను. చెట్టు కొమ్మ వంచి నేనే కొంచెం దూసి ఇచ్చాను.

శుక్రవారం సాయంత్రం ఆమె మిర్కాబ్ నుంచి తిరిగి వచ్చేసరికి నేను కారు కడుగుతున్నాను. నీళ్ళ పైపు పట్టుకొని, అడగొద్దు అనుకుంటూనే అడిగాను.

"పెట్టుకున్నదా?"

"ఆయ్, పెట్టుకుందండీ. నేనే పెట్టాను, చర్చి గోడ నీడన కూర్చుని. కానీ వేళ్ళకి మటుకు వద్దంది. అరచేతిలో చందమామ ఒక్కటీ పెట్టించుకుంది. వేళ్ళ కొసల మీద ఒక్క చుక్క పడినా అప్పటికప్పుడు తుడిచేసుకుందనుకోండి!"

"ఎందుకు?"

ఆమె తన చేతులు ఎండకు పెట్టి చూసుకుంటూ, మామూలుగా చెప్పింది.

"మీకు చెప్పలేదా? ఈ ఏడు ఆ ఫింటాస్ వాళ్ళు రోము వెళ్తున్నారంట కదండీ. పన్నెండో తారీకు ఆవిడ వేలిముద్రలు."